జెండాల మధ్యే దిగు బుజ్జీ

చి॥ బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు జూలైలో దక్షిణాఫ్రికాలోని డర్బన్ వెళ్తున్నావని చెప్పింది. అక్కడి కాన్ఫరెన్స్‌లో పేపర్ చదువుతున్నావని ఒకసారి, ఒక్కదానివే వెళ్తున్నావని నాలుగుసార్లు చెప్పింది. నాకు మాత్రం మహా గర్వంగా ఉంది. మనింట్లో ఆడపిల్ల మొగుడి ఉద్యోగం వెంట కాకుండా సొంత పని మీద అంత దూరం వెళ్లడం ఇదే మొదలు. అయినా ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. మీ అమ్మకున్న దొంగల భయం కాదు నాది, వేరే. అది కాసేపట్లో చెప్తాను.

ముందు ఎవరైనా చెప్పేవి గబగబా చెప్పేస్తాను. పాస్‌పోర్ట్ హోటల్లో పెట్టి, జిరాక్స్ వెంట పెట్టుకో. రోడ్డు మీద ఫోన్ చేతిలో ఆడిస్తూ నడవకు. క్యాబ్ వచ్చేదాకా లోపలే నిలబడు. జూలై అక్కడ చలికాలం, పగలు హాయిగా ఉంటుంది కానీ సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది. మన అలవాటు కొద్దీ ఏడింటికి బజారుకి బయల్దేరకు. అడిస్ అబాబా, నైరోబీల మీదుగా వెళ్తూ అక్కడ 12 గంటలకు మించి ఆగాల్సి వస్తే ఎల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు. ఆ టీకా కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. ఇంకా టికెట్ తియ్యలేదు కాబట్టి ఆ సంగతి కూడా చూసుకుని తియ్యి.

ఇప్పుడు అసలు విషయం. సముద్రం.

నవ్వకు. నువ్వు విశాఖలో పుట్టావు, ఈత వచ్చు, తెలుసు. మీ పెదనాన్నకీ వచ్చు. ఆయనది భీమిలి. మేం డర్బన్‌లో కాపురం పెట్టిన కొత్తలో మా పక్కింటావిడ, పాపం మంచి మనిషి, "బీచ్‌లో ఎరుపు, పసుపు జెండాలు పాతుంటారు, రెండింటి మధ్యే దిగండి, లైఫ్‌గార్డులు అక్కడే చూస్తుంటారు" అని మరీ మరీ చెప్పింది. ఆవిడ లోపలికి వెళ్లగానే ఈయన, "నాకు సముద్రం గురించి ఒకళ్లు చెప్పాలా" అన్నారు.

ఆదివారం పులిహోర కట్టుకుని వెళ్లాం. జెండాల మధ్య పిల్లా జెల్లా, గోల. ఈయనకి గోల పడదు. ఇసుకలో కొంచెం అవతలికి నడిచి, "ఇటు చూడు, ఇక్కడ అలలే లేవు. అటు పోయి వాళ్ల మీద పడుతూ స్నానం చెయ్యడం దేనికి?" అన్నారు. నేనూ చూశాను. నిజమే. రెండు పక్కలా తెల్లటి నురగ కొట్టుకుంటోంది, మధ్యలో ఆ కాస్త మేర మాత్రం నున్నగా, కొంచెం నల్లగా ఉంది నీరు. చూడ్డానికి అంతకంటే నెమ్మదైన చోటు లేదు. కళ్లజోడు తీసి నా చేతికిచ్చి దిగారు.

నేను పులిహోర డబ్బా మూత తీస్తున్నాను. విజిల్ ఊదారు. మళ్లీ ఊదారు. అలల మీద పలకలేసుకుని ఆడే కుర్రాళ్ల కోసమేమో అనుకున్నాను. తలెత్తేసరికి మీ పెదనాన్న తల చాలా దూరంలో ఉంది. ఒడ్డు వైపే తిరిగి ఈదుతున్నారు, చేతులు ఆడుతున్నాయి, మనిషి మాత్రం వెనక్కే పోతున్నారు. ఆ దృశ్యం నీకెలా చెప్పనూ, బుజ్జీ. గొంతులోంచి మాట రాలేదు నాకు.

ఇద్దరు లైఫ్‌గార్డులు కాళ్లకి తొడుగులేసుకుని, ఎర్రటి తేలే బుంగ ఒకటి పట్టుకుని దూకారు. వాళ్లు ఆ నున్నటి పాయలోంచే వెళ్లారు, దాని లాగుడే వాళ్లని ఈయన దగ్గరికి తొందరగా చేర్చింది. వచ్చేటప్పుడు మాత్రం ఒడ్డుకి ఎదురుగా కాకుండా, తీరం వెంబడి పక్కకి ఈది, అలలు విరిగే చోటు నుంచి తీసుకొచ్చారు. ఈయన ఇసుకలో బోర్లా పడి ఉప్పునీళ్లు కక్కి, తలెత్తి అన్న మొదటి మాట "నా కళ్లజోడేదీ?" అని. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

వాళ్లలో చిన్నవాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. ఒక్క మాట తిట్టలేదు. ఈయన ఊపిరి సర్దుకునేదాకా పక్కన గొంతుక్కూర్చుని, ఇసుకలో వేలితో బొమ్మ గీశాడు. రెండు పక్కలా వంకర గీతలు, అవి అలలు. వాటి మధ్య ఖాళీ, ఆ ఖాళీలో సముద్రం వైపు ఒక బాణం. అలలతో ఒడ్డుకి తోసుకొచ్చిన నీళ్లన్నీ ఏదో ఒక దారిన వెనక్కి పోవాలి కదా, ఆ దారి ఇదే, అందుకే ఇక్కడ అల విరగదు అన్నాడు. తర్వాత ఆ బాణానికి అడ్డంగా, ఒడ్డుకి సమాంతరంగా ఇంకో గీత గీసి, చిక్కుకుంటే బయటపడే దారి ఇదన్నాడు. ఎదురీదితే అలిసిపోతావు, మునిగేది ఆ అలుపుతోనే. తేలుతూ ఉండు, చెయ్యెత్తు, ఓపికుంటే పక్కకి ఈదు. పై ఆదివారం మీ పెదనాన్న డబ్బా నిండా సున్నుండలు తీసుకెళ్లి ఆ పిల్లాడి చేతిలో పెట్టారు.

ఇప్పుడీ ఉత్తరం నా భుజం మీదుగా చదువుతూ, "అంత వివరంగా రాయాలా" అంటున్నారు. రాయాలి.

సొరచేపల గురించి ఎవరైనా భయపెడితే కంగారుపడకు. డర్బన్ బీచ్‌లకు 1952 నుంచే సముద్రంలో వలలు కట్టారు. అవి గోడలా అడ్డుగా ఉండవు, సొర కావాలంటే చుట్టూ తిరిగి రాగలదు. అయినా వలలొచ్చాక ప్రమాదాలు బాగా తగ్గాయి. ఒక్కటి గుర్తుంచుకో. జూన్, జూలైల్లో సార్డైన్ చేపలు గుంపులు గుంపులుగా తీరం వెంట వస్తాయి. వాటి వెనకాల డాల్ఫిన్లు, సొరలు, పక్షులు అన్నీ వస్తాయి. ఆ రోజుల్లో వలలు పైకి తీసేసి స్నానాలు ఆపేస్తారు. నువ్వెళ్లేది సరిగ్గా అప్పుడే. దిగొద్దంటే దిగొద్దనే అర్థం. నీళ్లు బాగాలేవని బోర్డు పెట్టినా అంతే. ఒడ్డున కాళ్లు తడుపుకుని, ఆ పొడవాటి నడక దారిలో పొద్దున్నే నడువు, చాలు. 1980ల చివరిదాకా ఆ ఇసుకని కూడా మనుషుల ఒంటి రంగుని బట్టి పంచి బోర్డులు పాతారు. ఇప్పుడు అందరూ కలిసి నడుస్తుంటే నాకు ఎప్పుడూ అదే గుర్తొచ్చేది. పూసల టోపీ పెట్టుకున్న జులూ రిక్షావాళ్లు కనిపిస్తారు. ఫొటోకి కూడా డబ్బులు తీసుకుంటారు, ముందే బేరం మాట్లాడుకో.

నీ కాన్ఫరెన్స్ హాలున్న బ్రామ్ ఫిషర్ రోడ్డులోనే క్వాముహ్లే మ్యూజియం ఉంది. మధ్యాహ్నం విరామంలో వెళ్లిరావచ్చు. ఒకప్పుడు నల్లవాళ్లు ఊళ్లో ఉండాలన్నా, పని చేసుకోవాలన్నా కాగితాల కోసం నిలబడ్డ ఆఫీసు ఆ భవనమే. జొన్న సారా కాచి అమ్మే హక్కు మునిసిపాలిటీ తన చేతిలోనే పెట్టుకుని, తన సారా హాళ్లలోనే వాళ్లని తాగనిచ్చి, ఆ రాబడితోనే వాళ్ల మీద పెత్తనం చేసే శాఖని నడిపింది. చదివితే ఒళ్లు మండుతుంది. సిటీ హాల్ అంటావా, 1910లో బెల్‌ఫాస్ట్ సిటీ హాల్ నమూనాలో కట్టారు. లోపల మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ, డోడో పక్షి అస్థిపంజరం ఉన్నాయి. టైముంటే చూడు.

బొటానిక్ గార్డెన్ మాత్రం వదలకు. 1849లో మొదలైన తోట. అందులో వుడ్స్ సైకాడ్ అని ఒక చెట్టు ఉంది, చూడ్డానికి పొట్టి తాటిచెట్టులా ఉంటుంది. 1895లో ఓంగోయె అడవి అంచున ఒకే ఒక్క గుబురు దొరికింది, అది మగచెట్టు. ప్రపంచంలో ఎక్కడున్నా ఆ జాతి చెట్లన్నీ దాని పిలకలే. ఆడచెట్టు ఇంతవరకూ ఎవరికీ కనిపించలేదు. ఈమధ్య డ్రోన్లు ఎగరేసి మరీ ఆ అడవిలో గాలిస్తున్నారట, మీ అమ్మ నీకు సంబంధాలు వెతికినట్టు. దాని ముందు కాసేపు నిలబడు. నేను నిలబడేదాన్ని.

తిండి. ఇది ముఖ్యం, ఎందుకంటే నువ్వు బిస్కెట్లతో సరిపెట్టే రకం. బన్నీ చౌ తిను. తెల్ల బ్రెడ్డులో పావు ముక్క తీసుకుని, మధ్యలో మెత్తని భాగం తవ్వేసి కూర నింపిస్తారు. శనివారం నువ్వు మాంసం ముట్టవు కాబట్టి "క్వార్టర్ బీన్స్" అని అడుగు, చిక్కుడు గింజల కూరతో ఇస్తారు. తవ్విన మెత్తటి ముక్కని పైనే పెడతారు, ముందు దాంతో ముంచుకుని తిని, తర్వాత గోడలు పైనుంచి కిందికి తుంచుకుంటూ తినాలి. కిందినుంచి మొదలుపెడితే నీ డ్రెస్సు పోయినట్టే. చెంచా అడగకు, నవ్వుతారు.

విక్టోరియా స్ట్రీట్ మార్కెట్లో కారప్పొడులు గుట్టలు పోసి, కొన్నింటికి అత్తగార్ల పేరు మీద పేర్లు పెట్టి అమ్ముతారు. పాత మార్కెట్ 1973లో కాలిపోయింది, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. అక్కడికి దగ్గర్లోనే గ్రే స్ట్రీట్ జుమ్మా మసీదు. వీధి పేరు ఇప్పుడు డాక్టర్ యూసుఫ్ దాదూ స్ట్రీట్, అయినా గ్రే స్ట్రీట్ అంటే చాలు, తెలుస్తుంది. నమాజు వేళ కానప్పుడు అడిగి లోపలికి వెళ్లు, తలమీద చున్నీ వేసుకో.

వార్విక్ జంక్షన్ సంతలకి ఒంటరిగా వెళ్లకు. అక్కడి వ్యాపారుల తరఫున పనిచేసేవాళ్లే పొద్దున పూట గైడుతో తిప్పుతారు. సగంలో ఆగిపోయిన ఫ్లైఓవర్ మీద మూలికల బజారుంది. ఇంకెక్కడికీ పోని ఆ రోడ్డు మీదే వేర్లు, బెరళ్లు, ఎండిన తోళ్లు, ఎముకలు పరిచి, వైద్యానికొచ్చిన మనిషి కష్టం విని దానికి తగ్గది కట్టిస్తారు. అది వాళ్లకి ఆసుపత్రి లాంటి చోటు కాబట్టి అడక్కుండా ఫొటో తియ్యకు. ముందు "సావుబోనా" అని పలకరించి, తర్వాత ఏదైనా అడుగు. పలకరించకుండా ధర అడగడం అక్కడ మర్యాద కాదు. పక్కనే 1910 నాటి ఎర్లీ మార్నింగ్ మార్కెట్. మనవాళ్లు కూరగాయలు పండించి తెచ్చి అమ్మిన చోటు. 2009లో దాన్ని కూల్చి మాల్ కడదామని చూస్తే వ్యాపారులు పడనివ్వలేదు.

మనవాళ్లు అన్నాను కదా. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడలో 342 మంది డర్బన్ రేవులో దిగారు. చెరకు తోటల్లో పనికి, ఒప్పంద కూలీలుగా. 1911లో ఆపేసేలోపు మొత్తం లక్షా యాభై వేలకు పైగా వెళ్లారు. అరవవాళ్లతో పాటు గంజాం, విశాఖ, గోదావరి, చిత్తూరు వైపు వాళ్లూ ఉన్నారు. ఓడ జాబితాల్లో మనిషికొక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలు రాసుకున్నారు. డెర్బీ స్ట్రీట్‌లో 1860 హెరిటేజ్ సెంటర్ ఉంది, ఆ కథంతా అక్కడ చూడు. మా పక్కింటావిడ ముత్తాత కూడా అలా ఓడెక్కినవాడే. ఆవిడకి తెలుగు రాదు. పండగ రోజున ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న కాగితం చూస్తూ రామభజన పాడేది. మాటలు అటూ ఇటూ అయ్యేవి గానీ రాగం మా అమ్మమ్మ పాడినట్టే ఉండేది. నీ ఇంటిపేరు విని ఎవరైనా దగ్గరికొచ్చి వాళ్లకొచ్చిన నాలుగు ముక్కల తెలుగు మాట్లాడితే, ఖబడ్దార్, దిద్దకు. నీకు నోటి దురుసు ఉంది. వాళ్లు 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకుని, బళ్లో చెప్పని భాషని శని ఆదివారాలు పిల్లలకి నేర్పుకోవాలని చూసినవాళ్లు. మౌంట్ ఎడ్జ్‌కూంబ్‌లో చెరకు తోటల మధ్య కట్టిన పాత వినాయకుడి గుడికి వెళ్లు. గోపురాలు చిన్నవి, గోడలు మందం. కొలత పుస్తకాలు లేకుండా జ్ఞాపకం మీద కట్టినట్టుంటుంది. నా తరఫున కొబ్బరికాయ కొట్టు.

ఇంకో మాట, గట్టిగా చెప్తున్నాను. మన భాషలో అంటే ఎవరికీ అర్థం కాదని మనుషుల రంగు గురించి నోరు జారకు. మాట అర్థం కాకపోయినా మొహం అర్థమవుతుంది. 1949లో ఆ ఊళ్లో నల్లవాళ్లకీ మనవాళ్లకీ మధ్య గొడవల్లో 142 మంది చచ్చిపోయారు. 2021 జూలై అల్లర్లలో, మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫీనిక్స్ పేటలో నల్లవాళ్లని ఎలా చంపారో నువ్వే చదివావు. ఆ పుండు మానలేదు. ఎవరైనా ఏదైనా చెప్తే విను, తీర్పు చెప్పకు.

ఫీనిక్స్ ఆశ్రమం ఒక పూట తీసుకుంటుంది. ఊరి బయట ఇనాండాలో ఉంది, కారు మాట్లాడుకుని గైడుతోనే వెళ్లు. 1904లో గాంధీ గారు నూరెకరాలు కొని ఇండియన్ ఒపీనియన్ పత్రిక అచ్చుయంత్రాన్ని అక్కడికి మార్చారు. 1985 అల్లర్లలో తగలబడిపోతే మళ్లీ కట్టి 2000లో తెరిచారు. వచ్చినవాళ్లందరూ ఆయన ఇల్లు చూసి, ఫొటో దిగి వెళ్లిపోతారు. నువ్వు కస్తూరిబా గారిని తలుచుకో. క్రైస్తవ పద్ధతిలో కాని పెళ్లిళ్లు చెల్లవని 1913లో అక్కడి కోర్టు తీర్పిచ్చింది. అంటే ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి ఆ చట్టం ముందు పెళ్లామే కాకుండా పోయింది. ఆ సెప్టెంబరులో ఆవిడ ఈ ఆశ్రమం నుంచే ఇంకొందరితో బయల్దేరి, అనుమతి లేకుండా మనవాళ్లు దాటకూడని ట్రాన్స్‌వాల్ సరిహద్దుని కావాలనే దాటి అరెస్టయి, మూడు నెలలు కఠిన శిక్ష అనుభవించారు. గాంధీ గారి సంగతి బళ్లో చెప్తారు గానీ ఆవిడ సంగతి నాకు అక్కడికి వెళ్లేదాకా తెలియదు.

అదే దారిలో ఓహ్లాంగె బడి. మండేలా పార్టీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కి మొదటి అధ్యక్షుడైన జాన్ డూబే పెట్టిన బడి అది, ఆయన సమాధీ అక్కడే. 1994 ఏప్రిల్ 27న మండేలా జీవితంలో మొదటిసారి ఓటేసింది ఆ బడిలో. ఆ రోజే డూబే సమాధి దగ్గరికి వెళ్లి, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిందని చెప్పి వచ్చారు. వెళ్లేదారిలో గాంధీ, డూబే ఇళ్ల మధ్య దూరం ఎంత తక్కువో గమనించు.

ఇంకొక రోజు మిగిలితే పీటర్‌మారిట్స్‌బర్గ్ వెళ్లు, దాదాపు 80 కిలోమీటర్లు. 1893 జూన్ 7 రాత్రి గాంధీ గారిని దింపేసిన స్టేషన్. ఇంకాస్త ముందుకెళ్తే హోవిక్ దగ్గర, 1962లో మండేలాని పట్టుకున్న చోట 50 ఉక్కు స్తంభాలు నిలబెట్టారు. దగ్గర్నుంచి చూస్తే ఇనప కమ్మీలే. 35 మీటర్ల దూరంలో ఒక చోట నిలబడితే మండేలా మొహం కనిపిస్తుంది.

స్టేడియం గురించి రాయలేదని ఈయన గోల. మోజెస్ మభిడా స్టేడియం, 2010 ప్రపంచకప్‌కి కట్టింది, పైనున్న కమాను ఎత్తు 106 మీటర్లు. స్పెయిన్, జర్మనీల సెమీఫైనల్ అక్కడే జరిగింది. రాశాను, ఇంక ఊరుకుంటారు.

రోజూ రాత్రి హోటల్‌కి చేరగానే నాకొక మెసేజ్ పెట్టు. మీ అమ్మకి సముద్రం సంగతి మాత్రం చదివి వినిపించకు, అది నీ టికెట్ క్యాన్సిల్ చేయిస్తుంది.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క.: ప్లగ్ కోసం ఎయిర్‌పోర్టులో అడాప్టర్ కొనకు. అక్కడివి మన ఏసీ, గీజర్ ప్లగ్‌కుండే లావు పిన్నులే. ఇంటి దగ్గర ఎలక్ట్రికల్ షాపులో అలాంటి పిన్నులున్న మల్టీప్లగ్ కొనుక్కుని వెళ్లు.